నెల్లూరు నుంచి చెన్నై మ్యూజియాలకి: రోజు వృథా కాకుండా చూసి రావడం ఎలా

"పిల్లల్ని ఈసారి చెన్నై మ్యూజియానికి తీసుకెళ్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేయాలి?" అని సెలవులు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతుంటారు. ఫోన్లో చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. కావలి, నెల్లూరు, గూడూరు, ఒంగోలు వైపు వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాశాను. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకి హైదరాబాద్ దారి కూడా ఉంది కానీ, ఈ పద్ధతి అక్కడికీ పనికొస్తుంది.

మొత్తం మీద నేను చెప్పేది ఒకటే. ముందు వారం, తర్వాత చోటు, ఆ తర్వాత రైలు. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. దొరికిన రైలుకి టికెట్ తీసేసి, చెన్నైలో దిగాక "ఇప్పుడెక్కడికి?" అని ఆలోచిస్తారు. సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

1. ముందు ఏ వారమో తేల్చుకోండి

మొదటిసారి నేను ఇంట్లో వాళ్లందరినీ వెంటబెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరి వెళ్లింది శుక్రవారం. గేటుకి తాళం. మా అమ్మ అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది, చిన్నవాడు ఏడుపు. సెలవు ఏరోజో ఒక్క నిమిషం చూసుకుని ఉంటే ఆ రోజు అలా అయ్యేది కాదు. అందుకే ఈ మెట్టు అన్నిటికంటే ముందు పెట్టాను.

- ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం: శుక్రవారం సెలవు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 కూడా సెలవే. మిగతా రోజుల్లో ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5 దాకా.
- సెయింట్ జార్జ్ కోట మ్యూజియం: ఇదీ శుక్రవారమే సెలవు.
- దక్షిణచిత్ర (దక్షిణాది పాత ఇళ్ల ఆరుబయట మ్యూజియం): మంగళవారం సెలవు. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా.
- కళాక్షేత్ర: నాట్యం, సంగీతం క్లాసులు జరిగే చోటు కాబట్టి చూడటానికి వెళ్లేవాళ్లకి శని, ఆదివారాలు కుదరవనే అనుకోండి. మామూలు రోజైనా ముందు ఫోన్ చేసి వెళ్లడం మంచిది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనకి బాగా కుదిరే జంట ఇది: శనివారం ఎగ్మోర్, ఆదివారం దక్షిణచిత్ర. ఒక్కరోజే తీరిక ఉంటే శనివారమో, సోమవారం నుంచి గురువారం లోపల ఏదో ఒక రోజో ఎగ్మోర్‌కి వెళ్లండి.

ఇంకొక జాగ్రత్త. మన సంక్రాంతి సెలవులూ వాళ్ల పొంగలూ ఒకేసారి వస్తాయి. పండగ చివర్లో వచ్చే కాణుం పొంగల్ రోజున చెన్నై జనమంతా బీచులకీ పార్కులకీ చూడదగ్గ చోట్లకీ వచ్చేస్తారు. ఆ రోజు చిన్నపిల్లలతో మాత్రం వెళ్లకండి.

2. రోజుకి రెండు చోట్లే

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి దాదాపు 290. రావడానికీ పోవడానికీ కలిపి సగం రోజు ప్రయాణంలోనే పోతుంది. మిగిలిన సగంలో మ్యూజియం, కోట, మెరీనా, టీనగర్, గుడి అని ఐదు పెట్టుకుంటే ఒక్కటీ చూసినట్టు ఉండదు.

పొద్దున కాళ్లు తాజాగా ఉన్నప్పుడు పెద్ద చోటు, మధ్యాహ్నం భోజనం తర్వాత చిన్న చోటు. మూడోది ఖచ్చితంగా కావాలంటే అది బీచే అవ్వాలి, ఎందుకంటే అక్కడ కూర్చోవచ్చు. షాపింగ్ కోసం వేరే రోజు పెట్టుకోండి. టీనగర్ వెళ్లాలన్న తొందరలో మ్యూజియం గదుల్ని పరుగెత్తుతూ దాటేవాళ్లని నేను చాలామందిని చూశాను, బాధేస్తుంది.

3. వెళ్లే దారి

ఉదయం 9:30కి గేటు దగ్గర ఉండాలన్న లెక్కతో వెనక్కి వేసుకోండి.

రైలు: పినాకినిలో వెళ్తే మధ్యాహ్నం అయిపోతుంది, ఒక్కరోజు ప్రయాణానికి పనికిరాదు. వందేభారత్ ఉదయం చెన్నైలో బయల్దేరి ఇటు వస్తుంది, తిరిగి చెన్నై చేరేసరికి రాత్రవుతుంది, కాబట్టి అదీ మనకి కుదరదు. హైదరాబాద్ వైపు నుంచి రాత్రంతా నడిచి తెల్లవారాక చెన్నై చేరే రైళ్లే మనకి సరిపోతాయి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరం దాకా వెళ్తోంది. ఏ రైలు సెంట్రల్‌కి, ఏది ఎగ్మోర్‌కి, ఏది తాంబరానికి అన్నది టికెట్ తీసేటప్పుడే యాప్‌లో చూసుకోండి, ఈ మార్పులు తరచూ జరుగుతుంటాయి. తమిళ బోర్డుల మీద, స్టేషన్ అనౌన్స్‌మెంట్లలో ఎగ్మోర్‌ని "ఎళుంబూర్" అంటారు. ఇది తెలియక దిగాల్సిన చోట దిగనివాళ్లు ఉన్నారు.

సెంట్రల్‌లో దిగితే ఆటో బేరం పెట్టుకోకండి. స్టేషన్ కిందే మెట్రో ఉంది, ఎగ్మోర్ తర్వాతి స్టేషనే. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డులో ఉన్న మ్యూజియానికి నడిచేయొచ్చు, పెద్దవాళ్లు ఉంటే చిన్న ఆటో చాలు.

సూళ్లూరుపేట, తడ వైపు వాళ్లకి లోకల్ రైళ్లున్నాయి. అవి సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ ప్లాట్‌ఫారాలకి చేరతాయి.

బస్సు: మన ఆంధ్ర బస్సులు చేరేది మాధవరం బస్టాండుకి. అది ఊరికి ఉత్తరం చివర. అక్కడి నుంచి ఎగ్మోర్‌కి పొద్దున ట్రాఫిక్‌లో ఎంత లేదన్నా ముప్పావు గంట పట్టేస్తుంది, ఆ టైం లెక్కలో వేసుకోండి.

కారు: హైవే బాగానే ఉంటుంది, వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్‌గేట్లు దాటాలి, ఫాస్టాగ్‌లో డబ్బులు ముందే వేసుకోండి. అసలు టెన్షన్ రెడ్‌హిల్స్ దాటి ఊళ్లోకి వెళ్లాక మొదలవుతుంది. ఎగ్మోర్ ఒక్కటే చూసేదైతే కారు కంటే రైలే నయం. దక్షిణచిత్రకి మాత్రం కారు బాగా పనికొస్తుంది.

4. ఇంటి దగ్గరే కొంచెం సాధన

ఇది ఎవరూ చేయరు, కానీ పిల్లలున్న ఇంట్లో దీనికి మించిన ఏర్పాటు లేదు.

ఒంగోలు వైపు వాళ్లు ఒక ఆదివారం కనపర్తి మ్యూజియానికి వెళ్లండి. చిన్నది, పాత విగ్రహాలుంటాయి, అరగంటలో అయిపోతుంది. కనిగిరి వైపు వాళ్లకి భైరవకోన ఉంది, కొండని తొలిచిన ఎనిమిది గుహాలయాలు. నెల్లూరు వాళ్లకి రంగనాయకుల గుడి గోపురం చాలు. అక్కడ పిల్లల్ని ఒక్క బొమ్మ ముందు నిలబెట్టి మూడు ప్రశ్నలు వేయండి: ఎన్ని చేతులు? చేతుల్లో ఏముంది? కాళ్ల కింద ఏముంది? ఇంతే. ఈ మూడు ప్రశ్నలు అలవాటైన పిల్లలు చెన్నైలో "అయిపోయిందా, వెళ్దామా" అని గొడవ చేయరు, తామే వెతుక్కుంటూ తిరుగుతారు.

ముందురోజు రాత్రి సర్దుకోవాల్సినవి:

- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు (కోటలోకి తనిఖీ చేసే పంపుతారు)
- చిల్లర, వందనోట్లు
- నీళ్ల సీసాలు, వేసవైతే ఇంకొకటి ఎక్కువ
- చిన్న బ్యాగు ఒక్కటే. పెద్ద లగేజీ ఉంటే స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టేయండి
- పులిహోర గానీ పెరుగన్నం గానీ. లోపల గదుల్లో తినకూడదు, బయట చెట్ల కింద తినొచ్చు
- నడవడానికి అలవాటైన పాత చెప్పులు. కొత్తవి వద్దు, మధ్యాహ్నానికి కరుస్తాయి
- నోటుపుస్తకం, పెన్సిలు

పెన్సిలు ఎందుకో కింద చెప్తాను.

5. ఎగ్మోర్ మ్యూజియం: ఏ వరసలో చూడాలి

మన ఇళ్లల్లో ముసలివాళ్లు దీన్ని "చచ్చిన కాలేజీ" అనేవాళ్లు, జంతువుల జూని "బతికిన కాలేజీ" అనేవాళ్లు. తమిళంలోనూ అదే మాట, "సెత్త కాలేజ్". ఇప్పటికీ కొందరు పాత ఆటోవాళ్లకి ఈ పేరు చెప్తే వెంటనే తెలుస్తుంది.

ఇది ఒక్క భవనం కాదు, ఒక పెద్ద ఆవరణలో చాలా భవనాలు. కన్నెమరా లైబ్రరీ కూడా అదే ఆవరణలో ఉంది. కనిపించిన గుమ్మంలోకల్లా దూరితే రెండు గంటలకి కాళ్లు పట్టేస్తాయి, అసలైనవి చూడకుండా మిగిలిపోతాయి.

టికెట్ కౌంటర్ దగ్గరే రెండు పనులు చేయండి. ఏ గ్యాలరీ అయినా మరమ్మతు కోసం మూసి ఉందేమో అడగండి. కెమెరాకి వేరే టికెట్ ఉంటుంది, ఫోనుతో తీసుకోవచ్చా లేదా అక్కడే కనుక్కోండి. ప్రవేశ టికెట్లు దాచి ఉంచండి, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లేటప్పుడు మళ్ళీ చూస్తారు.

*మొదట అమరావతి శిల్పాలు.* ఇవి మనవి. గుంటూరు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న స్తూపం రాళ్లు, 19వ శతాబ్దంలో తవ్వి మద్రాసు తెచ్చారు, కొన్ని లండన్ వెళ్లిపోయాయి. చూసి చాలామంది పాలరాయి అనుకుంటారు, కాదు, పల్నాటి సున్నపురాయి. పేర్లు తమిళం, ఇంగ్లీషులో రాసి ఉంటాయి, తెలుగు కోసం వెతక్కండి.

ఇక్కడ గుండ్రటి పలక ఒకటి ఉంటుంది, నలగిరి అనే మదపుటేనుగుని బుద్ధుడు శాంతింపజేసిన కథ. దీని ముందు పది నిమిషాలు నిలబడండి. తొందరగా చూస్తే రెండు ఏనుగులు అనిపిస్తుంది. కాదు, ఒకే ఏనుగు రెండుసార్లు. ఎడమవైపు అది వీధిలో పడి మనుషుల్ని తొక్కుతోంది, తొండంతో విసురుతోంది, జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు, పైన కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. కుడివైపుకి వచ్చేసరికి అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒక్క రాతి పలకలో ఒక వీధంతా పట్టించాడు ఆ శిల్పి. మా అమ్మాయికి నేనేమీ చెప్పకుండా "ఏనుగులు ఎన్ని?" అని మాత్రం అడిగాను. రెండు అంది. కాసేపు చూసి, "కాదు నాన్నా, ఒకటే, దానికి కోపం పోయింది" అంది. ఈ రాయి ముందు నిలబడి చూడటం నేర్చుకున్న పిల్లలకి మిగతా గది మీరు వివరించక్కర్లేదు.

*రెండోది కంచు విగ్రహాలు.* విడి భవనంలో, అంతస్తుల వారీగా ఉంటాయి. మూడు నాలుగు ఎంచుకోండి, అన్నీ వద్దు. తిరువాలంగాడు నటరాజు దగ్గర మామూలుగా చుట్టూ ఉండే మంటల వలయం లేదు, పోయింది, అందువల్ల చేతుల విసురూ ఎత్తిన కాలూ అడ్డు లేకుండా కనిపిస్తాయి. కాలి కింద ఉన్నవాణ్ని కూడా వంగి చూడండి. తిరువెణ్‌కాడు అర్ధనారీశ్వరుడి దగ్గర పిల్లల్ని చేతులు లెక్కపెట్టమనండి. మూడే ఉంటాయి. శివుడి వైపు రెండు, అమ్మవారి వైపు ఒకటి. ఎందుకలా అని వాళ్లే అడుగుతారు, జవాబు ఇంటికెళ్లే దాకా మాట్లాడుకోవచ్చు.

*ఇక్కడ ఆగండి.* బయటకొచ్చి చెట్టు కింద కూర్చుని తినండి. పెన్సిలు ఇప్పుడు తీయండి. చూసినవాటిలో నచ్చిన ఒక్కదాన్ని గుర్తున్నంత వరకు గీయమనండి, పెద్దవాళ్లు కూడా గీయాలి. గీస్తుంటే "ఆ చెయ్యి ఎటు తిరిగి ఉంది?" అని అనుమానం వస్తుంది, మళ్ళీ లోపలికెళ్లి చూసొస్తారు. ఫోనులో వంద ఫొటోలు తీసినా ఆ పని జరగదు.

*మూడోది పిల్లలకి ఇష్టమైనవి.* తిమింగలం అస్థిపంజరం, జంతువుల గది. దీన్ని మొదట పెడితే పిల్లలు తర్వాత రాళ్లవైపు కన్నెత్తి చూడరు, అందుకే చివర్లో పెట్టండి. ఓపిక ఉంటే రాతియుగపు పనిముట్ల దగ్గరా ఆగండి. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరణ ఈ మ్యూజియానికే చేరింది.

మొత్తం మూడు గంటలు. ఇంకో గది ఉంది కదా అని లాగకండి, ఇంకోసారి రావచ్చు.

6. మధ్యాహ్నం: కోట గానీ మైలాపూరు గానీ

కోట మ్యూజియం సచివాలయం ఉన్న ఆవరణలోనే ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ తప్పదు, బ్యాగు ఎంత చిన్నదైతే అంత త్వరగా పంపుతారు. 1947 ఆగస్టు 15న కోట మీద ఎగరేసిన జెండా లోపల ఉంది. దానికోసమైనా వెళ్లొచ్చు. ఒక గంట చాలు, దగ్గర్లో 1680 నాటి సెయింట్ మేరీ చర్చి కూడా చూసి రండి.

నా మాట వింటే మాత్రం మన జిల్లాల వాళ్లు ఒక్కసారైనా మైలాపూరు వెళ్లాలి. రాయపేట హైరోడ్డులో 126 నంబరు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, 58 రోజులు అన్నం ముట్టకుండా డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచింది అక్కడే. ఇప్పుడది స్మారక భవనం. ఆయన పుట్టింది మద్రాసులోనే అయినా, వాళ్ల సొంతూరు కనిగిరి దగ్గర పడమటిపల్లె. నెల్లూరు జిల్లా పేరులో ఆయన ఉన్నారు, మన పిల్లల్లో ఎంతమందికి ఆ ఇల్లు తెలుసు? పెద్దగా చూడ్డానికేం ఉండదు, ఇరవై నిమిషాలు. తెరిచి ఉండే వేళ ముందే కనుక్కుని వెళ్లండి. అక్కణ్ణుంచి కపాలీశ్వరుడి గుడి దగ్గరే.

7. రెండో రోజు ఉంటే: దక్షిణచిత్ర

ఇది ఊళ్లో లేదు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడు దగ్గర. రాత్రి బస ఎగ్మోర్‌లో కాకుండా అడయారు, తిరువాన్మియూరు వైపు పెట్టుకుంటే పొద్దున గంట మిగులుతుంది.

దక్షిణాది నాలుగు ప్రాంతాల పాత ఇళ్లని ఊళ్లల్లోంచి విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ కట్టారు. అన్నీ ఒకే వరసలో ఉండవు, కాబట్టి ముందు ఆంధ్ర ఇళ్ల దగ్గరికి వెళ్లండి, చివర్లో అనుకుంటే ఎండకి అలిసిపోయి వదిలేస్తారు. నల్గొండ వైపు ఇక్కత్ నేతవాళ్ల ఇల్లుంటుంది. విశాఖ వైపు నుంచి వచ్చిన చుట్టిల్లుంది. గోడ గుండ్రంగా ఎందుకు కట్టారో మన తీరం వాళ్లకి చెప్పక్కర్లేదు, తుపాను గాలికి గుండ్రటి గోడ మూలలు చూపదు, గాలి పక్కలనుంచి జారిపోతుంది. లోపలికెళ్లి చెయ్యి పెట్టి చూడండి, మట్టి గోడ మధ్యాహ్నం పూట కూడా చల్లగా ఉంటుంది.

సరిపడా టైం మూడు నాలుగు గంటలు. టోపీ, గొడుగు తప్పనిసరి, ఎక్కువ భాగం ఆరుబయటే నడవాలి. వచ్చే దారిలో ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల ఊరుంది, 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టిన చోటు. బొమ్మల మీద ఇష్టం ఉంటే అరగంట ఆగండి, లేకపోతే నేరుగా వెళ్లిపోండి.

8. డిసెంబరులో వెళ్తే కచేరీ

డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా మార్గళి (మన ధనుర్మాసం) సంగీత సీజను. మ్యూజిక్ అకాడమీ, నారద గానసభ, కృష్ణ గానసభ లాంటి చోట్ల పొద్దుట్నించి రాత్రిదాకా కచేరీలుంటాయి. చాలా సభల్లో పొద్దున, మధ్యాహ్నం జరిగే కొత్తవాళ్ల కచేరీలకి టికెట్ ఉండదు, సాయంత్రం పెద్ద విద్వాంసులకే టికెట్. మొదటిసారి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం కచేరీతో మొదలుపెట్టండి. ఆ కీర్తనల్లో చాలా భాగం తెలుగువే, మాట అర్థమవుతుంది కాబట్టి మన పిల్లలు కూడా కుదురుగా వింటారు.

పాట మధ్యలో లేవకూడదు, ఒక కీర్తన అయ్యాకే బయటికి రావాలి. చివరి వరస సీటు పట్టుకుంటే పిల్లలతో సులువు. సభ క్యాంటీన్లో టిఫిను బాగుంటుంది, కచేరీ ముందే తినేయండి, తర్వాత క్యూ పెద్దదైపోతుంది.

9. ఎక్కువమంది చేసే తప్పులు, సర్దుకునే దారి

*మూసి ఉన్న రోజున వెళ్లిపోయారు.* శుక్రవారమైతే దక్షిణచిత్రకి మళ్లండి, దానికి సెలవు మంగళవారం. మంగళవారమైతే ఎగ్మోర్. ఈ రెండిటికీ వారపు సెలవు ఒకేరోజు రాదు, ఇది గుర్తుంటే చాలు.

*ఆలస్యంగా చేరారు, రెండు గంటలే మిగిలాయి.* అమరావతి గది, కంచు విగ్రహాలు. మిగతావి వదిలేయండి.

*ఆటోవాళ్లతో గొడవ.* యాప్‌లో బుక్ చేసుకోండి, ఎక్కే ముందు బండి నంబరు సరిచూసుకోండి. భాష రాకపోయినా పర్లేదు, చెన్నైలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు, అడగడానికి మొహమాటపడకండి.

*పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులు.* కంచు విగ్రహాల భవనంలో కింది అంతస్తు చూసి కూర్చోమనండి. పైకి ఎక్కించాలని పట్టుబట్టకండి, మీరు పైనుంచి వచ్చి ఏం చూశారో చెప్పండి.

*పిల్లలు విసుక్కున్నారు.* పది నిమిషాలు బయటకి తీసుకెళ్లండి. గదిలో ఉంచి బతిమాలడం వల్ల ఇద్దరికీ విసుగే.

*విగ్రహాల్ని ముట్టుకున్నారు.* చేతి చెమట రాతికీ కంచుకీ మంచిది కాదు, అందుకే వద్దంటారు. గుళ్లో అలవాటు కొద్దీ మన పెద్దవాళ్లు కూడా తాకి కళ్లకద్దుకుంటారు, నెమ్మదిగా చెప్పండి.

*తిరుగు రైలు మరీ దగ్గర పెట్టుకున్నారు.* మ్యూజియం నుంచి బయటికి రావడానికీ రైలుకీ మధ్య కనీసం రెండు గంటలు ఉంచండి. ఎగ్మోర్ నుంచి సెంట్రల్‌కి మెట్రోలో ఒక్క స్టేషనే, కానీ సాయంత్రం పూట సెంట్రల్ ప్లాట్‌ఫారం దాకా పిల్లలతో, సంచులతో నడవడానికే పావుగంట పడుతుంది. రైలెక్కి గూడూరు చేరే లోపు నోటుపుస్తకంలో ఎవరు ఏం గీశారో ఒకసారి అందరూ చూడండి, తేదీ వేసి దాచి పెట్టండి.